కంప్యూటర్‌కు దొరికిన ఏటిగడ్డపాడు

బసవమ్మ ఎవరినీ ఒక పట్టాన నమ్మేది కాదు. ఉప్పు అమ్మేవాడు కొలిచి పోస్తే, ఆ ఉప్పును తన ఇంటి శేరులో పోసుకుని మళ్లీ కొలిచేది. బస్సెక్కి టికెట్టు తీసుకుంటే, కండక్టర్ చెప్పిన ఊరి పేరు చాలదు, పక్క సీటులో ఉన్నవాళ్ల చేత టికెట్టు చదివించుకునేది. అయినా ఆ పక్కవాడూ కండక్టరూ కూడబలుక్కున్నారేమోనని దిగేదాకా ఇద్దరినీ కనిపెట్టి చూస్తూనే ఉండేది. "దీని మొగుడు నేను కాదు, అనుమానం. నేను ఆ ఇంట్లో అద్దెకుంటున్నా" అనేవాడు ఆమె భర్త బ్రహ్మయ్య, పదిమందిలో.

పుట్టుకతో వచ్చిన గుణం కాదది. కృష్ణ ఒడ్డున ఏటిగడ్డపాడు అనే ఊరికి ఆమె కాపురానికి వచ్చిన కొత్తల్లో, ఎక్కడి నుంచో కొందరు ఉద్యోగులు వచ్చి ఇళ్ల గుమ్మాల పక్కన సున్నంతో నంబర్లు వేశారు. ఎండన పడి వచ్చారు కదా అని బసవమ్మ వాళ్లకు మజ్జిగ ఇచ్చింది. ఎందుకయ్యా ఈ నంబర్లు అంటే, "ఏం లేదమ్మా, లెక్క కోసం" అన్నారు. మజ్జిగలో ఉప్పు సరిపోయిందా అని కూడా అడిగింది వెర్రిమాలోకం. కొన్నేళ్లకు సాగర్ డ్యాం లేచింది. ఆ లెక్క ఎందుకో అప్పుడు తెలిసింది. ఊరిని ఖాళీ చేయించి, జనాన్నీ సామాన్లనూ లారీలకెక్కించి, మాచర్ల అవతల రాళ్ల నేలలో దించారు. వెనక నీళ్లొచ్చి ఊరిని కప్పేశాయి. ఊరు పోయిందన్న బాధ అందరికీ ఉన్నదే. బసవమ్మకు దాని మీద ఇంకొకటి ఉండేది. ముంచడానికి వచ్చినవాళ్లకు తన చేత్తో మజ్జిగ పోసిందే, అది తలచుకుంటే ఒళ్లు మండిపోయేది.

వాళ్లను దించిన చోటికి ప్రభుత్వం పెట్టిన పేరు రెండో నంబరు పునరావాస కాలనీ. ఆ పేరు కాగితం దాటి ఎవరి నోట్లోకీ రాలేదు. మాచర్ల వాళ్లు దాన్ని మునిగినోళ్ల కాలనీ అనేవాళ్లు. బస్సు ఆగినప్పుడు కండక్టర్లు వేసే కేకా అదే. "మునిగింది ఊరయ్యా, మేం కాదు" అని పోట్లాట పెట్టుకోకుండా బసవమ్మ ఏనాడూ బస్సు దిగలేదు. కాలనీ వాళ్లను ఏ ఊరు మీది అని అడిగితే, పిల్లా పెద్దా అందరూ ఏటిగడ్డపాడు అనే చెప్పేవాళ్లు. ఆ ఊళ్లో పుట్టనివాళ్లు, దాన్ని కంటితో చూడనివాళ్లు కూడా అంతే. శుభలేఖల్లో సైతం అదే అచ్చు వేయించేవాళ్లు.

పూర్తిగా చూడనివాళ్లు అనడానికీ లేదు. సాగర్‌లో నీళ్లు బాగా తగ్గిన ఏడు, ఎండాకాలంలో పాత ఊరి మిట్ట బయటపడేది. అప్పుడు కాలనీ వాళ్లు బండ్లు కట్టుకుని పోయి, ఒండ్రు నేలలో దోసగింజలు చల్లి, నీళ్లు తిరిగి ఎక్కేలోపు కాయలు కోసుకొచ్చేవాళ్లు. బండి తిప్పలకు ఆ దోసకాయలు ఏ మూలకు? ఆ నేల ఇంకా మాదే అనిపించుకోవడానికి పోయేవాళ్లు. బసవమ్మ ఇంటి గడపరాయి ఇంకా అక్కడే ఉండేది. పోయినప్పుడల్లా దాని మీద కాసేపు కూర్చుని వచ్చేది.

కాలనీలో ఆమె పక్కిల్లు హలీమాది. హలీమా భర్త మౌలాలీ రేకు పెట్టెలు, బకెట్లు చేసేవాడు. ఏటిగడ్డపాడులోనూ వాళ్లు పక్కిళ్ల వాళ్లే, లారీలోనూ పక్కపక్కనే కూర్చుని వచ్చారు. కాలనీకి ఉన్నది ఒక బోరింగు. అందులో వచ్చేది ఫ్లోరైడ్ నీళ్లు. ఆ నీళ్లు తాగి పిల్లల పళ్లు గారపట్టాయి. హలీమాకైతే నలభై దాటీ దాటకముందే మోకాళ్లు వంగి, నడుము కొయ్యబారి, చేతికి కర్ర వచ్చింది. మాచర్ల డాక్టరు ఆ నీళ్లు మానెయ్యమన్నాడు. మానేసి ఏం తాగాలో ఆయన చెప్పలేదు. మంచినీళ్లు కావాలంటే సాగర్ కాలవకు పోవాలి, అది చానా దూరం. బసవమ్మ పొద్దున్నే పోయి తల మీద ఒక బిందె, చంకన ఒక బిందె తెచ్చి, చంకన బిందె హలీమా గుమ్మంలో దించేది.

"నా కోసం ఎంత బాధ పడతన్నావు బసవక్కా" అనేది హలీమా.

"నీ కోసమని ఎవరన్నారే? రెండో బిందె లేకపోతే ఒక పక్కకి ఒరిగిపోతా."

మాటకు అలా అన్నా, ఆమె మోకాళ్లూ ఈమధ్య పట్టేస్తున్నాయి. తాను మంచాన పడిన రోజు నుంచి హలీమా మళ్లీ ఆ బోరింగు నీళ్లే తాగాలి. తాగితే ఆ మనిషి ఇక లేవదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ పైకి అనేవాళ్లు కాదు.

ఇలా ఉండగా ఎనభై ఎనిమిది ఎండాకాలంలో మండలాఫీసు నుంచి ఇద్దరు మనుషులు కాలనీకి వచ్చారు. జిల్లాలో ఏ ఇల్లు ఎక్కడుందో గుంటూరులో కంప్యూటర్‌కు ఎక్కిస్తున్నారట. ఏ చోట ఎంతమంది ఉన్నారో చూసుకుని, మంచినీళ్ల కుళాయిలు ఎక్కడెక్కడ వేయాలో అది చెబుతుందట. రేపు పొద్దున ఇంటింటికీ వచ్చి అడుగుతాం, అందరూ ఇళ్ల దగ్గరే ఉండండి అని చెప్పారు. వాళ్లలో ఒకడి భుజాన నీళ్ల సీసా వేలాడుతోంది. హలీమా చెంబుతో నీళ్లు తెచ్చి ఇస్తే, వద్దమ్మా అని తన సీసా మూత తీసి తాగాడు. బసవమ్మ ఆ సీసా వైపు అట్లాగే చూసింది.

సాయంత్రం మౌలాలీ రేకుల షెడ్డు ముందు అందరినీ పోగేసింది.

"మజ్జిగ తాగినోళ్లే మనల్ని ముంచారు. వీడు మన చెంబు నీళ్లు కూడా ముట్టుకోలా. వీడా మనకి నీళ్లిచ్చేది?"

"కుళాయి వేస్తారంటన్నారు గదా అక్కా" అన్నాడు మౌలాలీ.

"ఎర లేకుండా గాలం ఎవడేస్తాడు మౌలాలీ? వినండి. ఏ ఊరని అడిగితే ఏటిగడ్డపాడనే చెప్పండి. పొరపాటున కాలనీ అన్నారో, ఇదే మీ ఊరని రాసుకుంటారు. రేపు మిట్ట మీదికి పోతే మీకేం పనిరా ఇక్కడ అని తరుముతారు."

అందరూ తలలూపారు. ఇరవై ఏళ్ల నుంచి చెబుతున్న మాటే కాబట్టి కొత్తగా నేర్చుకోవలసిందేమీ లేదు.

మర్నాడు ఆఫీసు మనుషులు ఏ ఇంటికి పోయినా ఒకటే జవాబు. రాసుకునే మనిషికి బసవమ్మ గుమ్మం దగ్గర అనుమానం వచ్చింది.

"దీన్ని ఏదో కాలనీ అన్నారే మా ఆఫీసులో?"

"నువ్వు విన్నది రాసుకుంటావా, మేం చెప్పింది రాసుకుంటావా?"

ఎండ మండిపోతోంది. అతను చెప్పిందే రాసుకుని పోయాడు. బసవమ్మ ఆ రాత్రి గండం గడిచినట్టు నిద్రపోయింది.

వానలు వెనకబట్టాక మాచర్ల రోడ్డు పక్కన కందకం తవ్వడం మొదలైంది. పెద్ద పెద్ద పైపులు దించారు. కందకం ఒక్కో ఊరూ దాటుకుంటూ కాలనీ ముందుకొచ్చింది. పిల్లలు ఎగురుతూ ఎదురుపోయారు. అది కాలనీ ముందు ఆగలేదు. తిన్నగా పోయి అవతలున్న గుట్టలపాడులోకి తిరిగింది.

"చెప్పలా? నేను ముందే చెప్పలా?" అంది బసవమ్మ. ఇరవై ఏళ్లుగా ఆ మాట అనే అవకాశం వచ్చినప్పుడల్లా ఆమెకు కడుపు నిండినట్టుండేది. ఈసారి మాత్రం నోరు చేదెక్కింది. పక్కింటి గుమ్మంలో హలీమా కర్ర పట్టుకుని నిలబడి ఉంది. "మన ముందునించే పోతా ఉందే బసవక్కా" అంది.

బసవమ్మ కందకం గట్టు మీదికి పోయి మేస్త్రీని నిలేసింది. "మాకెందుకు లేదయ్యా?"

"మాకిచ్చిన లెక్కలో ఇక్కడ మనుషులు లేరమ్మా. కంప్యూటర్‌లో అట్టా వచ్చింది."

"మనుషులు లేరా? మరి నేనెవర్ని?"

"నన్నడిగితే నేనేం చెప్తానమ్మా, గుంటూరు పొయ్యి దాన్నే అడుగు."

ఎవడో కావాలని తీసేయించాడని ఆమె తేల్చేసుకుంది. మొదటి అనుమానం గుట్టలపాడు ప్రెసిడెంటు మీద. రెండోది నీళ్ల సీసా మనిషి మీద. మూడోది మేస్త్రీ మీద. రాత్రి అన్నాల దగ్గర నాలుగో పేరు కూడా బయటికొచ్చింది, అది మౌలాలీది. గుట్టలపాడు ప్రెసిడెంటుకు మొన్నీమధ్యే బకెట్లు చేసిచ్చాడట.

"ఇంక నేనొక్కణ్ణే మిగిలా" అన్నాడు బ్రహ్మయ్య.

"నీ సంగతి తర్వాత చూస్తా. రేపు గుంటూరు పోదాం పద."

మాచర్లలో పొద్దున రైలెక్కి గుంటూరులో దిగి, దారి అడుగుతూ ఆ ఆఫీసుకు చేరారు. కంప్యూటర్ గది తలుపులు బిగించి ఉంది. చెప్పులు బయట విడవాలన్నాడు ప్యూను. బసవమ్మ తన చెప్పులూ బ్రహ్మయ్య చెప్పులూ గుడ్డసంచిలో వేసుకుని, ఆ సంచి చంకన పెట్టుకునే లోపలికి పోయింది. లోపల చలిపెట్టేస్తోంది. బయట జనం ఎండకు మాడుతుంటే పెట్టెకు చల్లగాలి పెట్టారంటే, అది ఎంత గుట్టు దాచుకుందో అనుకుంది.

ఆ గదిలో పనిచేసే జయరాజు ఎడ్లపాడు వైపు మనిషి, ముప్ఫై ఏళ్లుంటాయి. వాళ్లను కూర్చోబెట్టి, విషయం మొత్తం విన్నాడు. ఇంత మర్యాదగా వింటున్నాడంటే ఇతనికీ ఏదో భాగం ఉండే ఉంటుందని ఆమెకు తోచింది.

"ఎవరు తీయించారో చెప్పు బాబూ. నీ పేరు బయటికి రానియ్యను" అంది.

"తీయడం ఏమీ ఉండదమ్మా. ఈ కంప్యూటర్‌కి మన ఊళ్లు తెలవవు. అందుకని ముందు ఊరి పేర్లన్నీ ఎక్కించి, ఏ పేరు పటంలో ఎక్కడుందో దీనికి నేర్పించా. ఒక పేరుకి ఒక చోటు. ఆ తర్వాత ఎవరి చిరునామా కొట్టినా, అందులో ఊరి పేరు చూసుకుని ఆ చోట చుక్క పెడతది. మీ పేరు కొడతా, చూద్దాం."

అతను మీటలు నొక్కాడు. నల్లటి అద్దం మీద పచ్చటి అక్షరాలు పరిగెత్తాయి.

"బసవమ్మ, భర్త బ్రహ్మయ్య, ఏటిగడ్డపాడు. దొరికారమ్మా."

"దొరికితే మరి లేమంటారేంది?"

జయరాజుకూ అర్థం కాలేదు. పటం అచ్చు వేస్తానని పక్కనున్న మిషన్ ఆన్ చేశాడు. అది కీచుమంటూ కాగితాన్ని మెల్లగా బయటికి తోసింది. సన్నచుక్కలతో కృష్ణ, డ్యాం, మాచర్ల అన్నీ ఉన్నాయి. ఒకచోట మాత్రం చుక్క మీద చుక్క పడి, మసిముద్ద అంటినట్టు నల్లగా ఉంది.

"ఇదుగో, మీ ఊరోళ్లందరూ ఇక్కడే ఉన్నారు" అన్నాడు జయరాజు. అని, కాగితం మీదికి వంగి, ఆ ముద్ద చుట్టూ గీతల వెంట వేలు జరిపాడు. తలెత్తాడు. "ఇది సాగర్ నీళ్లమ్మా. మీ ఇళ్లన్నీ నీళ్ల మధ్యన పడ్డాయి."

అతను మెల్లగా విడమరిచి చెప్పాడు. ఊరి పేర్లు తీసుకున్న పటాల్లో ఒకటి డ్యాం కట్టకముందుది. అందులో ఏటిగడ్డపాడూ, నీళ్లు కప్పకముందటి ఏటి గీతలూ ఉన్నాయి, అవే ఇందులోకి వచ్చాయి. పేరు దొరకని చిరునామా వస్తే కంప్యూటర్ ఆగి అడుగుతుంది. ఈ పేరు దొరికింది కాబట్టి అడగలేదు, కాలనీ మొత్తాన్నీ తీసుకుపోయి పాత ఊళ్లో పెట్టింది. ఆ తర్వాత కుళాయిల లెక్క వేసినవాళ్లు, నీళ్లలో ఇళ్లేంటని కొట్టేశారు.

"సగం తప్పు నాదేనమ్మా. ఆ పటం పాతదని చూసుకోలా" అన్నాడు.

మిగిలిన సగం ఎవరిదో బ్రహ్మయ్య అనలేదు, బసవమ్మ వైపు చూడను కూడా లేదు. అతను చూడకపోవడంతోనే ఆమెకు తగలవలసింది తగిలింది. ప్రెసిడెంటు లేడు, మేస్త్రీ లేడు, పాపం మౌలాలీ అసలే లేడు. హలీమా గుమ్మం ముందు నుంచి పైపును అవతలికి పంపింది తన నోరే.

ఆమె కాగితం దగ్గరికి జరిగింది. చదువు రాదు కానీ గీతలు తెలుస్తున్నాయి.

"ఇది పెద్దవాగు గదా బాబూ?"

"అవునమ్మా."

"వాగు కలిసినాక ఏరు ఇట్టా వంపు తిరుగుద్ది. ఆ వంపులోనే మిట్ట. ఇదే. మా ఇల్లు ఇక్కడే."

కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఊరు ఖాళీ చేయించిన నాటి నుంచి ప్రభుత్వ కాగితాలు ఆమె ఎన్ని చూసిందో! లబ్ధిదారులన్నారు, నిర్వాసితులన్నారు, రెండో నంబరన్నారు. మీ ఊరు ఇదుగో, ఇక్కడుంది అని ఒక్క కాగితమూ అనలేదు. ఇది అంది. జన్మలో ఆమె నమ్మిన సర్కారు కాగితం ఇదొక్కటే, తీరా చూస్తే ఇదే తప్పుల కాగితం.

"ఒక్క నిమిషం పనమ్మా" అన్నాడు జయరాజు, ఆమెను సముదాయిస్తున్నట్టు. "ఆ పేరుని ఇక్కణ్ణించి లేపి మీ కాలనీ మీద పెడతా. అన్నీ సర్దుకుంటాయి."

బసవమ్మ చటుక్కున అతని మణికట్టు పట్టుకుంది. "ఆగు. లేపితే ఇక్కడ ఏముంటది?"

"ఏముండదమ్మా. నీళ్లే."

ఆమె చెయ్యి వదల్లేదు. అప్పుడు ముంచడానికి అంత డ్యాం కట్టాల్సి వచ్చింది, ఇప్పుడు ఈ కుర్రాడి వేలు చాలు.

"రెండు చోట్లా పెట్టు."

"ఒక పేరుకి ఒక చోటేనమ్మా, దీన్ని అట్టాగే కట్టాం. కాకపోతే ఇంకో దారుంది. ఏటిగడ్డపాడు ఉన్నచోటే ఉంచి, మీ కాలనీని వేరే పేరుతో ఎక్కిస్తా. మీ ఇళ్లన్నీ ఆ పేరు కిందికి మారుస్తా. కుళాయి వస్తది. కానీ ఆ తర్వాత దీని లెక్కలో మీరు ఏటిగడ్డపాడు వాళ్లు కారు. ఆలోచించుకోండి."

ఆమె సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇదీ గాలమేనేమో అని మనసు పాత అలవాటుకొద్దీ ఒకసారి వెతికింది. ఎంత వెతికినా కొక్కెం కనపడలేదు. కనపడుతున్నదల్లా హలీమా. కర్ర పట్టుకుని, దాటిపోతున్న పైపును చూస్తున్న హలీమా.

"ఆ పేరు ఆణ్ణే ఉంచు బాబూ" అంది చివరికి. "ఎప్పుడన్నా ఎవరన్నా ఏటిగడ్డపాడని కొడితే నీళ్లలోనే చూపించాల. ఈడ ఊరుండేదని తెలవాల."

"సరేనమ్మా. మరి కాలనీకి? రెండో నంబరు పునరావాస కాలనీ అని కొడతా."

"అట్టా కొడితే మమ్మల్ని ఎవడు కనుక్కుంటాడు? మాచర్ల బస్టాండులో అడుగు, ఒక్కడికీ తెలవదు." ఆమె ఒళ్లో సంచి సర్దుకుంది. "మునిగినోళ్ల కాలనీ అని కొట్టు."

బ్రహ్మయ్య ఉలిక్కిపడి చూశాడు. కండక్టర్లతో ఆమె పడిన తగాదాలన్నిటికీ అతను సాక్షి.

"ఏంది అట్టా చూస్తావు? లోకమంతటికీ తెలిసిన పేరు అదేగా."

"అంత బాగుండదేమోనమ్మా" అని నసిగాడు జయరాజు.

"బాగుండటానికి కాదయ్యా, దొరకటానికి. కొట్టు."

అతను కొట్టాడు. కాలనీ మాచర్లకు ఏ దిక్కున, రోడ్డుకు ఏ పక్కన ఉందో బ్రహ్మయ్య చెబితే ఆ చోటును పటం చూసి పెట్టాడు. మిషన్ ఇంకో కాగితం తోసింది. ఈసారి నల్లటి ముద్ద మాచర్ల రోడ్డు పక్కన పడింది. బసవమ్మ ఆ కాగితం పట్టుకుని గది బయటికి పోయి, ముందు ప్యూను చేత చదివించింది. తర్వాత వరండాలో పోతున్న ముక్కూ మొహం తెలియని మనిషి చేత చదివించింది. ఇద్దరూ ఒకటే చదివారు. అప్పుడు లోపలికి వచ్చి, పారేయబోతున్న తప్పు పటాన్ని తనకిమ్మని అడిగి, మడిచి సంచిలో చెప్పుల మీద పెట్టబోయి, ఆగి, బొడ్లో దోపుకుంది.

కాలనీకి వచ్చాక నేరుగా హలీమా గుమ్మంలోకి పోయి నిలబడింది. "హలీమా, పైపు నా మూలాన పోయిందే. ఏటిగడ్డపాడని చెప్పమంది నేనేగా" అంది. బసవమ్మ ఒకరి ముందు అలా తలదించడం ఎవరూ ఎరగరు.

"నువ్వు చెప్పకపోయినా అదే చెప్పేవాళ్లం అక్కా" అంది హలీమా. "మన ఊరేదంటే ఇంకేం చెబుతాం?"

జయరాజు మాట నిలబెట్టుకున్నాడు. చలికాలం పోకముందే పెద్దపైపుకు కొమ్మ వేసి కాలనీలోకి తిప్పారు. ఆ పనిలో ఒకరోజు రంగుడబ్బా పట్టుకుని ఒక మనిషి వచ్చి, గుమ్మాల పక్కన నంబర్లు వేయడం మొదలుపెట్టాడు.

"ఎందుకయ్యా ఇవి?" అంది బసవమ్మ.

"ఏం లేదమ్మా, లెక్క కోసం."

అక్షరం పొల్లు పోకుండా అదే మాట. ఇంట్లో మజ్జిగ కుండ నిండా ఉంది. ఇవ్వలేదు. అతను ఆఖరి ఇంటికి నంబరు వేసి పోయేదాకా వెనకాలే తిరిగి చూసింది.

నీళ్లు వదిలే రోజు కాలనీ మొత్తం బిందెలతో కుళాయి దగ్గర మూగింది. మొదట గాలి బుసకొట్టింది, తర్వాత ఎర్రమట్టి నీళ్లు, ఆ తర్వాత తేటనీళ్లు. జనం ఎగబడబోతే బసవమ్మ చేతులు చాచి అడ్డంగా నిలబడింది.

"ఆగండి. ముందు నేను తాగి చూస్తా." మేస్త్రీ వైపు తిరిగింది. "ఎక్కడి నీళ్లయ్యా ఇవి?"

"ఎక్కడివేందమ్మా, సాగర్‌వే. అక్కణ్ణించి ట్యాంకుకెక్కించి వదులుతన్నాం."

ఆమె దోసిలి పట్టింది. ఒక గుక్క నోట్లోకి తీసుకుని మింగకుండా ఉంచుకుంది. అందరూ ఆమె మొహం వంకే చూస్తున్నారు. బ్రహ్మయ్య నవ్వబోయి మానేశాడు. ఆమె కళ్లు మూసుకుని, చాలాసేపటికి మింగింది.

"ఎట్టుండాయి బసవక్కా?" అంది హలీమా, కర్ర మీద ముందుకు వంగి.

"మన ఊరి మీది నీళ్లేనే" అంది బసవమ్మ. "తాగు."

అని హలీమా చేతిలోంచి బిందె అందుకుని, అందరికంటే ముందు దాన్ని కుళాయి కింద పెట్టింది.